క్లెమ్ పాస్కో పూడ్చిన గుంతలు

శుక్రవారం రాత్రంతా రేకుల కప్పుల మీద వాన కురిసింది. వేసవంతా చుక్క నీటికి మొహం వాచిన మూరాడిన్ ఊరు ఆ చప్పుడు వింటూ హాయిగా నిద్రపోయి, శనివారం పొద్దున్నే పనులు ముందేసుకుని లేచింది. గోధుమ రైతులకి దుక్కి పని పడింది. గ్లెనిస్ పాస్కోకి విత్తనాలు చల్లే పని పడింది. ఆమె మొగుడు క్లెమ్‌కి గోల్ఫ్ ఆడే పని పడింది. అన్నీ ఒకే వాన కోసం కాచుకున్న పనులే. మా ఊరి గోల్ఫ్ మైదానానికి ఆకాశం తప్ప నీళ్ళు పెట్టే దిక్కు లేదు కాబట్టి, భూగోళం కింది సగంలోని మా వైపు చలికాలం దిగే ఏప్రిల్ చివర నేల కాస్త మెత్తబడితే గాని అక్కడ ఆట మొదలవదు.

గ్లెనిస్ వెనక వరండాలో స్టూలు వేసుకుని కూర్చుని, బకెట్లో సగానికి పైగా పొడి ఇసుక పోసింది. గోల్ఫ్ క్లబ్బు షెడ్డు పక్కనున్న కుప్పలోంచి తెచ్చిన పసుప్పచ్చ ఇసుక అది. ఊళ్ళో ఎవరికి ఇసుక కావలసినా ఆ కుప్పే గతి. తర్వాత పాత బిస్కెట్ డబ్బా మూత తీసి, అందులోని విత్తనాలన్నీ బకెట్లోకి వంచింది. డబ్బా అడుగున తట్టి, అంటుకున్న పొట్టు కూడా రాల్చింది.

అవి ఎవర్‌లాస్టింగ్ పూల విత్తనాలు. పూలు కోసి తలకిందులుగా వేలాడదీస్తే ఏళ్ళ తరబడి రంగు పోదు, ముట్టుకుంటే కొత్త కాగితంలా గరగరలాడతాయి. మొక్క ఆయుష్షు మాత్రం ఒక్క చలికాలం. ప్రతి ఏడూ విత్తనంలోంచి మళ్ళీ పుట్టాల్సిందే, ఒక్క ఏడు తప్పిందంటే ఆ వంశం అక్కడితో సరి. మా చుట్టుపక్కల తుప్పల్లో పెరిగేవి తెల్లవి, లేతగులాబీవి. గ్లెనిస్ దగ్గరున్నవి ముదురు చెర్రీ పండు రంగు. వాళ్ళమ్మ చిన్నప్పుడు పాత రైల్వే హాల్టు పక్కన ఏరుకొచ్చిన రకం. ఆ హాల్టూ పోయింది, ఆ నేల మీదికి గోధుమ చేను వచ్చేసింది. తల్లి చల్లి, ఏరి, దాచి, కూతురి చేతిలో పెట్టింది. కూతురు చల్లి, ఏరి, దాచుకుంటూ వచ్చింది. కిందటేడు వానలు మొండిచెయ్యి చూపడంతో పూసినవే నాలుగు. డబ్బాలో మిగిలిందల్లా కొత్తా పాతా కలిపి ఈ కాస్తే. పాతవి ఇంకో ఏడు దాస్తే మొలవవేమోనని భయపడి, ఈసారి మొత్తం చల్లెయ్యాలని నిశ్చయించుకుంది.

"ఈ ఏడైనా ఓ చిటికెడు పడెయ్యవే," అంది కంచె అవతల నుంచి ఏవిస్ టుల్లీ. ఆమె పక్కింటావిడ. కోళ్ళకి గింజలు వేస్తోంది.

"నీ తోటలో తెల్లవి ఉన్నాయి. రెండూ కలిస్తే మా రంగు పలచబడిపోతుంది. మా అమ్మ ఒప్పుకోదు."

"మీ అమ్మ పోయి ముప్ఫై ఏళ్ళయింది."

"అయినా ఒప్పుకోదు."

ఏవిస్ ఏటా అడుగుతుంది, గ్లెనిస్ ఏటా ఇదే చెప్తుంది. ఇద్దరికీ ఇదొక పండగ ఆనవాయితీలాంటిది. "ఇంతకీ చల్లడం ఎప్పుడు?" అంది ఏవిస్, కోడిని కాలితో పక్కకి నెడుతూ.

"సాయంత్రం గాలి పడిపోయాక. ఏప్రిల్ ఇరవై అయిదు, ఆన్జాక్ డే దాటింది, నేల చల్లబడింది, మొదటి వాన పడింది. ఇంకేం కావాలి? ముందే తొందరపడితే ఎండకి మాడతాయి, ఆలస్యం చేస్తే చలికి ముడుచుకుని కూచుంటాయి. ఒట్టి విత్తనం చల్లితే గాలి ఎత్తుకెళ్ళి ఓ మూల పోస్తుంది. ఇసుకలో కలిపితే అంతటా సమంగా పడుతుంది. దంతెతో పైపైన అలా గీకి వదిలెయ్యాలి. కప్పెట్టామా, వెలుగు తగలక లోపలే చచ్చిపోతాయి."

"తెలుసులే. ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను, నాకు విత్తనం తప్ప అన్నీ ఇచ్చావు," అంది ఏవిస్.

గ్లెనిస్ లోపలికొచ్చేసరికి క్లెమ్ టోస్టు తింటూ ఒక నోటీసు చదువుకుంటున్నాడు. రాసింది తనే. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఈ ఏడే గోల్ఫ్ క్లబ్బు కెప్టెన్ అయ్యాడు. కర్రతో బంతిని కొట్టినప్పుడు కింద మట్టి పెళ్ళ లేచి గుంత పడుతుంది. దాన్ని ఇసుకతో పూడ్చడం గోల్ఫ్‌లో మర్యాద. ఆ మర్యాద మూరాడిన్‌లో ఎవరికీ పట్టదని క్లెమ్‌కి చాలా ఏళ్ళుగా కడుపుమంట. కెప్టెన్ అవగానే చేసిన మొదటి శాసనం ఇదీ: ఎవరి గుంత వాళ్ళే పూడ్చాలి, ఎవరి ఇసుక వాళ్ళే తెచ్చుకోవాలి.

"వరండాలో బకెట్ ఉంది, క్లెమ్. దాని జోలికి పోకు. అమ్మ పూల విత్తనాలు మొత్తం అందులోనే ఉన్నాయి."

"ఊఁ."

"విన్నావా?"

"ఊఁ."

పెళ్ళయిన కొత్తలో గ్లెనిస్ ఆ ఊఁకి అర్థాలు వెతికేది. తర్వాత మానుకుంది. ఆ ఏటి ఆట మొదలయ్యే ప్రారంభ దినం కదా, క్లబ్బులో మధ్యాహ్నం భోజనాలకి స్కోన్ రొట్టెలు కాల్చాలని ఆమె ముందు వెళ్ళిపోయింది. క్లెమ్ తీరిగ్గా బూట్లు తుడుచుకుని, కర్రలు బండిలో పెట్టి, నోటీసు జేబులో పెట్టుకున్నాక గాని తను ఇసుక తెచ్చుకోలేదన్న సంగతి గుర్తురాలేదు. శాసనం చేసినవాడే ఉత్తచేతులతో వెళ్తే పరువేం కాను? అటూ ఇటూ చూశాడు. వరండాలో బకెట్టు, బకెట్టు నిండా మంచి పొడి ఇసుక. అందులో కాస్త పొట్టు కనిపించింది గాని, పక్కింటి కోళ్ళ తాలూకు చెత్త అనుకున్నాడు.

ఆ రోజు క్లెమ్, నెవిల్ డ్రూరీ కలిసి ఆడారు. నెవిల్‌కి ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టుంది. మైదానంలో గడ్డి కోసేదీ అతనే. ఈ ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు, అప్పట్నుంచీ ఒకణ్ణి మించాలని ఒకడు చూసుకుంటున్నవాళ్ళు. నెవిల్ క్లబ్బు కుప్పలోంచి ఐస్‌క్రీమ్ డబ్బాడు ఇసుక పట్టుకొచ్చి, రెండు గుంతలకి చల్లి విసుగెత్తి ఊరుకున్నాడు. క్లెమ్ మాత్రం దెబ్బ కొట్టిన చోటల్లా మోకాళ్ళ మీద కూర్చుని, గుప్పెడు ఇసుక పోసి, అరిచేత్తో చదును చేసి గాని లేవలేదు.

ఆరో హోల్ దగ్గర క్లెమ్ బంతి వంకర తిరిగి యూకలిప్టస్ తోపులోకి పోయింది. క్లెమ్ కూడా బకెట్టుతో సహా తోపులోకి పోయాడు. లోపల ఏం జరిగిందో గలా చిలకలు చూసి ఉండాలి. చాలాసేపటికి బంతి బయటికొచ్చింది, దాని వెనక చెమటలు కక్కుతూ క్లెమ్ వచ్చాడు.

"ఎన్ని దెబ్బలు?" అన్నాడు నెవిల్, బంతిని రంధ్రంలో పడేశాక.

"అయిదు," అన్నాడు క్లెమ్, బకెట్టులోకి చూస్తూ.

తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు కాబట్టి, సాయంత్రానికి క్లెమ్ ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. ప్రారంభ దినం కప్పూ, దాంతోపాటు పళ్ళేనికి సరిపడా గొర్రె మాంసం చాప్సూ అతని చేతికొచ్చాయి. బకెట్టు ఖాళీ అయింది. ఇంటావిడ ఇసుక వాడుకుని ఖాళీ బకెట్టు ఇంటికి పట్టుకెళ్ళడం బాగుండదని, బుద్ధిమంతుడిలా క్లబ్బు కుప్పలోంచి నింపుకుని, ఉన్న చోటే పెట్టేశాడు. అది మాత్రం శ్రద్ధగా, హ్యాండిల్ ఎటు తిరిగి ఉందో గుర్తుపెట్టుకుని మరీ పెట్టాడు.

గాలి పడిపోయింది. సన్నగా తుంపర మొదలైంది, కళ్ళజోడు మసకేసింది. గ్లెనిస్ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, వాళ్ళమ్మ చేసినట్టే ముందు నిలువుగా ఒకసారి, తర్వాత అడ్డంగా ఒకసారి, శుద్ధమైన ఇసుకని ఎంతో భక్తిగా చల్లింది. దంతెతో పైపైన గీకింది. లేచి నడుము పట్టుకుని, తడి నేలని చూస్తూ కాసేపు నిలబడింది. ప్రతి ఏడూ ఈ ఘడియలో ఆమెకి ఒళ్ళు జలదరిస్తుంది. ఊదితే ఎగిరిపోయే పొట్టులో ఎక్కడో ఆ రంగు ఉండటం, నాలుగు చినుకులు పడగానే అది లేచి రావడం, ఎన్నిసార్లు చూసినా ఆమెకి నమ్మకం కుదరని విషయం.

ఆ ఏడు నమ్మకపోవడమే సరైంది. మే నెల గడిచింది, పాదులో కలుపు మొక్క తప్ప మరేం లేవలేదు.

మొదట గ్లెనిస్ చీమల్ని అనుమానించింది. నెవిల్ కొట్లో చీమల మందు కొని పాదు చుట్టూ గీత గీసింది. తర్వాత గలా చిలకల్ని అనుమానించి పాత సీడీలు తాళ్ళకి కట్టి వేలాడదీసింది. అవి చిలకల కన్నా ముందు క్లెమ్‌ని బెదరగొట్టాయి. జూన్‌లో ఒక పొద్దున, ఏవిస్ కోడి ఒకటి కంచె కింద దూరి, పాదు నడుమ నిలబడి తీరిగ్గా నేల గీకుతూ కనిపించింది. గ్లెనిస్‌కి అన్నీ ఒక్కసారిగా తేటతెల్లమయ్యాయి.

"నీ కోళ్ళు మా అమ్మని మింగేశాయి, ఏవిస్."

"నా కోళ్ళు మీ అమ్మ జోలికి పోవు. వాటికి భయం."

"ముప్ఫై ఏళ్ళు అడిగావు, ఇవ్వలేదు. ఇప్పుడు కోళ్ళని పంపించావు."

ఏవిస్ మొహం మాడిపోయింది. అప్పటికప్పుడే కోళ్ళన్నిటినీ గూట్లో పెట్టి గడియ వేసింది. ఎండ మొహం చూడని కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. క్లబ్బులో కేకులన్నీ ఏవిస్ గుడ్లతోనే అవుతాయి కాబట్టి శనివారం కేకులు ఆగిపోయాయి. సెప్టెంబరు పూల ప్రదర్శనలో టీ బల్ల చూసుకునేదీ ఏవిసే. ఆవిడ తప్పుకుంది, ఆవిడ వైపు మాట్లాడే ఆడవాళ్ళు సగం మంది తప్పుకున్నారు. మిగతా సగం గ్లెనిస్ వైపు చేరారు. చర్చిలో కూడా ఒక వరస వాళ్ళు రెండో వరస వాళ్ళ వైపు చూడటం మానేశారు. గ్లెనిస్ కోళ్ళు దూరకుండా ఇనుప వల కొంది. గ్లెనిస్ రాళ్ళు విసురుతుందేమోనని ఏవిస్ తనవైపు కూడా ఇనుప వల కొంది. రెండూ అమ్మింది నెవిలే, రెండు చోట్లా జాలి పడుతూ అమ్మాడు.

గ్లెనిస్ వల కొట్టవలసింది క్లెమ్. మూడో మేకుకే బొటనవేలి మీద సుత్తి దించుకున్నాడు. ఆ వేలికి కట్టు కట్టించుకుని, జులై అంతా ఆట లేకుండా ఇంట్లో కూచున్నాడు. పెళ్ళాం కష్టం చూసి అతనికి నిజంగానే బాధగా ఉండేది.

"ఆ కోళ్ళు ఎంత పని చేశాయి," అనేవాడు.

"ఊఁ," అనేది గ్లెనిస్.

ఆగస్టు చివర, రెండు రోజులుగా ముసురు పట్టిన ఒక బుధవారం, నెవిల్ ఫోన్ చేశాడు. "ఒరే కెప్టెన్, మిషను చెడి రెండు నెలలుగా కోత లేదు కదా, మైదానంలో ఏదో కొత్త కలుపు లేచింది. పాయలు పాయలుగా కాదు, పళ్ళేలు పెట్టినట్టు అక్కడో గుబురు ఇక్కడో గుబురు. వచ్చి చూడు."

క్లెమ్ వెళ్ళి చూశాడు. ముసురుకి ముడుచుకున్న మొగ్గలు. ఒకదాన్ని వేళ్ళతో విప్పి చూస్తే లోపల చెర్రీ రంగు. పాదు పక్కన ముప్ఫై ఏళ్ళు కుర్చీ వేసుకుని కూర్చున్నవాడికి ఆ రంగు తెలియకపోతుందా? గుబురు చుట్టుకొలత చూశాడు, గుప్పెడు ఇసుక పోసి అరిచేత్తో అద్దినంత. బకెట్టు గుర్తొచ్చింది, పొట్టు గుర్తొచ్చింది, రెండుసార్లు చెప్పి రెండు ఊఁలు తీసుకున్న గ్లెనిస్ గుర్తొచ్చింది. పరిగెత్తి ఆమెకి చెప్పాలని నాలుగడుగులు వేశాడు కూడా. అప్పుడు తలెత్తి చూస్తే, ఆరో హోల్ మొదలు నుంచి గుబుర్లు ఒకదాని వెనక ఒకటి వంకరగా తోపు దాకా వెళ్ళాయి. తోపులో, చెట్ల మొదళ్ళ నడుమ, ఇంకా బోలెడున్నాయి.

క్లెమ్ ఆగిపోయాడు. ఆ రోజు ఈ హోల్‌కి తను చెప్పింది అయిదు. తప్పుడు లెక్క చెప్పగలిగిన మనిషే గాని, గుంత పూడ్చకుండా వదిలి రాగలిగిన మనిషి కాదు. తోపులో తగిలించిన ప్రతి దెబ్బనీ పూడ్చి, చదును చేసి మరీ వచ్చాడు. ఇప్పుడవన్నీ పూత మీదున్నాయి.

"ఏమిటంటావు?" అన్నాడు నెవిల్, ఏమీ ఎరగనట్టే చూస్తూ. నిజంగానే ఏమీ ఎరగడు. "శనివారం ఛాంపియన్‌షిప్ పెట్టుకున్నాం. మిషను బాగయింది, శుక్రవారం పొద్దున్న తిప్పి మొదలంటా కోసేస్తాను."

"ఊఁ," అన్నాడు క్లెమ్.

ఇంటికొచ్చేసరికి గ్లెనిస్ బిస్కెట్ డబ్బాని వేడినీళ్ళతో కడుగుతోంది. డబ్బా తుడిచి, బోర్లించి, చేతులు ఆప్రానుకి ఒత్తుకుంది.

"ఇందులో ఇక చక్కెర పోసుకుందాం," అంది. "అమ్మ అన్నేళ్ళు నిలబెట్టింది. కరువులో కూడా గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి నిలబెట్టింది. నా చేతిలో పోయింది, క్లెమ్."

క్లెమ్ ఏదో అనబోయాడు. అనలేక, బల్ల మీదున్న చాప్స్ ముక్క నోట్లో పెట్టుకున్నాడు, అది మింగుడుపడలేదు. గురువారమంతా అతనికి ఏదీ మింగుడుపడలేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నెవిల్ మిషనే అంతా చూసుకుంటుంది. కప్పు అలమార్లో ఉంటుంది, కెప్టెన్ కెప్టెన్‌గానే ఉంటాడు. పెళ్ళాం కూడా కొన్నాళ్ళకి తేరుకుంటుంది. ఈ మాట తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, బోర్లించిన డబ్బా కంటపడగానే మళ్ళీ మొదటికొచ్చేది. దాంట్లో చక్కెర ఎలా వేసుకుని టీ తాగడం?

శుక్రవారం పొద్దున్న నెవిల్ మిషను ఆరో హోల్ దగ్గరికొచ్చేసరికి, దారికడ్డంగా క్లెమ్ నిలబడి ఉన్నాడు.

"తప్పుకోరా, చక్రం కింద పడతావు."

"కొయ్యకు, నెవ్. అవి గ్లెనిస్‌వి."

"గ్లెనిస్‌వి ఏమిటి? ఇక్కడికెలా వచ్చాయి?"

"నేనే తెచ్చాను. ప్రారంభ దినం నాడు, బకెట్లో. విత్తనాలున్నాయని తెలీదు. ఆ ఇసుకతోనే గుంతలు పూడ్చాను."

నెవిల్ మిషను ఆపాడు. సరిగ్గా అప్పుడే ముసురు విడిపోయి, గోధుమ చేల మీదుగా ఎండ వాలింది. ఈ పూలకో గుణముంది, మబ్బుకి ముడుచుకుంటాయి, ఎండకి విచ్చుకుంటాయి. ముందు దగ్గరి గుబురు విచ్చుకుంది. దాని వెనకది, ఆపైది, అలా ఎండ ఎంత దూరం నడిస్తే అంత దూరం, పచ్చటి మైదానంలో చెర్రీ రంగు ఒక్కో చోటే వెలుగుతూ పోయింది. పిల్లగాలికి రేకులు గరగరమన్నాయి, అంత మైదానంలోనూ ఆ చప్పుడొక్కటే. నెవిల్ టోపీ తీశాడు. ఇనుప సామాన్లు అమ్ముకునే మనిషి, చర్చిలో కూడా గుర్తుచేస్తే తప్ప తియ్యడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నోరు తెరుచుకుని నిలబడిపోయారు. ఇన్నాళ్ళూ కాళ్ళ కింద తొక్కిన నేల ఇంతపని చేయగలదని ఇద్దరికీ తెలియదు.

టోపీ మళ్ళీ పెట్టుకున్నాక నెవిల్‌కి బుర్ర పనిచేసింది.

"అయితే ఇవన్నీ నీ దెబ్బలేనన్నమాట," అన్నాడు మెల్లిగా.

నెవిల్ మిషను దిగాడు. ఒక్కో గుబురు దగ్గరా ఆగుతూ, వేలు మడుస్తూ తోపు దాకా నడిచాడు. తోపులోకి వంగి చూశాడు. ఒక చేతి వేళ్ళు అయిపోయి రెండో చెయ్యి తీశాడు.

"ఇందులో కొన్ని ఊరికే గాల్లో ఊపి చూసుకున్నవి అయ్యుంటాయిలే," అన్నాడు చివరికి. స్నేహితుడికి తప్పుకునే దారి చూపించాడు, అంతకన్నా ఏ స్నేహితుడు మాత్రం ఏం చేస్తాడు?

"కాదు," అన్నాడు క్లెమ్. "అన్నీ కొట్టినవే."

ఆ మాట అన్నాక, ఎన్నో నెలల తర్వాత అతనికి ఊపిరి తేలిగ్గా ఆడింది.

మూరాడిన్‌లో కబురు నడవడానికి ఫోన్లు అక్కర్లేదు. పది గంటలకల్లా క్లబ్బు ముందు బండ్లు బారులు తీరాయి. రెండు వర్గాల ఆడవాళ్ళూ, దుక్కి మట్టి బూట్లతో రైతులూ, మొదటి హోల్ నుంచి వరసగా నడుచుకుంటూ వచ్చారు. ముందు అందరూ పూలు చూసుకుంటూ నడిచారు. రెండు హోళ్ళు దాటాక నోళ్ళు లేచాయి.

"ఇదిగో, ఇక్కడ కుడికి పోయింది."

"ఇక్కడ బంతికి తగల్లేదు, మట్టికే తగిలింది. గుబురు ఎంతుందో చూడు."

"ఇక్కడైతే వెనక్కి కొట్టాడు. ఒరే క్లెమ్, వెనక్కెందుకు కొట్టావు?"

"చెట్టు అడ్డమొచ్చింది," అన్నాడు క్లెమ్, తల దించుకుని.

గ్లెనిస్ వచ్చింది. ఆప్రానుతోనే వచ్చింది. జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఆమె ఎవర్నీ చూడలేదు, ఆరో హోల్ ఏదో, అయిదెందుకో ఆమెకి తెలీదు, అక్కర్లేదు కూడా. మొదటి గుబురు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఒక పువ్వుని చూపుడువేలితో తాకింది. తర్వాత తలెత్తి చూసింది. ఆమె తోటలోని పాదు ఒక మంచమంత. వాళ్ళమ్మ పాదు కూడా అంతే. ఈ రంగు ఇంత దూరం పరుచుకోవడం ఆ తల్లీ చూడలేదు, ఈ కూతురూ చూడలేదు. గ్లెనిస్ కళ్ళనీళ్ళు గడ్డంమీదికి జారాయి, తుడుచుకోవాలన్న ధ్యాస లేకపోయింది.

"అయితే నేను చల్లింది?" అంది.

"ఇసుక," అన్నాడు క్లెమ్. "మంచి ఇసుకే. నేనే నింపి పెట్టాను."

గ్లెనిస్ మొగుణ్ణి చాలాసేపు చూసింది. అతను ఆ చూపు కింద నిలబడ్డాడు, ఎక్కడికీ పారిపోలేదు. తర్వాత ఆమె లేచి, జనంలో వెతికి, అందరికన్నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ ఏవిస్ దగ్గరికి నడిచింది.

"నీ కోళ్ళు తినలేదు."

"నేను జూన్‌లోనే చెప్పాను."

"నాది తప్పు, ఏవిస్. అసలు తప్పు అంతకన్నా ముందుదే. నీకో చిటికెడు ఎప్పుడో ఇచ్చుంటే, డబ్బా పోయినా నాకింత భయం ఉండేది కాదు. పక్కింటికెళ్ళి అడుక్కునేదాన్ని."

ఏవిస్ మొహం కొద్దిగా మెత్తబడింది. "రంగు పలచబడదూ?"

"పడితే పడుతుంది. ఉంటేగా పలచబడటానికి."

"సరే. కోళ్ళకి కూడా ఈ మాట వచ్చి చెప్పు. అవి ఎక్కువ బాధపడ్డాయి."

గ్లెనిస్ ఆ సాయంత్రం నిజంగానే గూటి దగ్గరికెళ్ళి చెప్పింది. ఏవిస్ పక్కనే నిలబడి, సరిగ్గా చెప్పిందా లేదా అని విని, అప్పుడు గడియ తీసింది.

శనివారం ఛాంపియన్‌షిప్ జరగలేదు. విత్తనం ముదిరి పొట్టు తేలేదాకా మైదానంలో మిషను తిరగకూడదని క్లబ్బు తీర్మానించింది, ఒక్కరూ ఎదురు చెప్పలేదు. ఆట అక్టోబరు చివరికి పడింది. ఎండకి మాడుతూ, మూతి మీది ఈగలు తోలుకుంటూ ఆడారు. అంతకు ముందే రెండు వర్గాల ఆడవాళ్ళూ దిండు గలీబులు పట్టుకుని తిరిగి విత్తనాలు ఏరారు. బిస్కెట్ డబ్బా నిండింది, ఏవిస్ డబ్బా నిండింది, గలీబులు ఇంకా మిగిలాయి. అడిగిన ప్రతి ఇంటికీ గ్లెనిస్ తన చేత్తోనే పొట్లాలు కట్టి ఇచ్చింది, పుచ్చుకున్న ప్రతి ఒక్కరికీ ఆన్జాక్ డే నుంచి మొదలుపెట్టి మొత్తం పాఠం చెప్పింది.

కప్పు సంగతొకటి మిగిలింది. క్లెమ్ దాన్ని మెరిసేలా తోమి, క్లబ్బులో అందరి ముందూ నెవిల్ చేతిలో పెట్టాడు. కెప్టెన్ పదవికి కూడా దణ్ణం పెట్టేస్తానన్నాడు. చాప్స్ మాత్రం తిరిగివ్వలేనని ఒప్పుకున్నాడు.

నెవిల్ కప్పుని రెండు చేతులా పట్టుకున్నాడు. కిటికీలోంచి ఆరో హోల్ వైపు, తోపు వైపు చూశాడు. కప్పుని మెల్లిగా బల్ల మీద పెట్టేశాడు.

"ఆ తోపులోకి నేనూ వెళ్ళిన రోజులున్నాయి," అన్నాడు. "నా డబ్బాలో ఉత్త ఇసుకుంది, అంతే."

గదిలో కొందరు బూట్ల వైపు చూసుకున్నారు, కొందరు టీ కప్పుల్లోకి చూసుకున్నారు. కప్పు మీద ఆ ఏడు ఎవరి పేరూ చెక్కించనక్కర్లేదనీ, క్లెమ్ కెప్టెన్‌గా కొనసాగాలనీ, గుంతలు పూడ్చే నియమం అలాగే ఉండాలనీ ఏకగ్రీవంగా తేల్చారు.

తర్వాతి ఏడాది ప్రారంభ దినానికి సభ్యులందరూ ఇసుకతోనే వచ్చారు, కాకపోతే ఒక్కొక్కరూ ఇంటి దగ్గరే రెండుసార్లు జల్లెడ పట్టి తెచ్చుకున్నారు.